ముహూర్తంలో పుట్టిన ఉద్యోగం

మా రైస్ మిల్లు చేతులు మారిన రోజు కొత్త ఓనరు హోమం చేయించారు. పనివాళ్లందరినీ వరుసగా నిలబెట్టి, బొట్టు పెట్టించి, చేతికి కంకణం కట్టించి, ఈ ముహూర్తం నుంచి మీరంతా కొత్తగా చేరినట్టే అన్నారు. మేము లడ్డూలు తింటూ తలలూపాము. ఇన్నేళ్ల సర్వీసు ఆ లడ్డూతో పాటే కడుపులోకి పోయిందని ఎవరికీ తోచలేదు. కాంటా దగ్గర తూకాలు రాసే నేను డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి ఇంకో లడ్డూ అడిగాను.

అప్పటికే మా బాపుకు, అంటే నాన్నకు, పేగు ఆపరేషన్ ఖాయమైంది. నన్ను కన్న అవ్వ పోయాక ఇంట్లో మేమిద్దరమే. దవాఖానలో పక్కన ఒక మనిషి ఉండాల్సిందే అన్నారు. ఆ మనిషిని ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. పాత సేటు లీవుకు ఎప్పుడో సరేనన్నారు. మేనేజరును అడిగితే, ఆ మాట పాత సేటుతోనే పోయిందని, కొత్తగా చేరినవాళ్లకు అప్పుడే లీవేందని, ఎగ్గొడితే మళ్లీ రానక్కర్లేదని చెప్పాడు.

లేబర్ ఆఫీసుకు పోయాను. ఓనరు మారినంత మాత్రాన సర్వీసు తెగదని, పని ఆగకుండా నడుస్తుంటే పాత లీవులు కూడా మీవేనని అక్కడి ఆఫీసరు చెప్పారు. మిగతావాళ్లు రాలేదా అని అడిగారు. బయట ఎండగా ఉందన్నాను.

చాయ్ దగ్గర ఈ సంగతి చెబితే అందరూ సంతోషించారు. పొద్దున కలిసే ఓనరు దగ్గరికి పోదామన్నారు. పొద్దున ఒకరికి బాయిలరు దగ్గర పనిపడింది, ఇంకొకరికి దౌల్తాబాద్ నుంచి వడ్ల లారీ వచ్చింది. బస్తాలు కుట్టే ఆమె ఒక్కతే ఉన్న మాట చెప్పింది.

"నువ్వైతే సదువుకున్నవు బిడ్డా, ఇంకోకాడ దొర్కుతది. మాకేడ దొర్కుతది?"

ఒక్కణ్ణే పోయాను.

ఓనరు మర్యాదగానే కూర్చోమన్నారు. "నువ్వు మొన్న ముహూర్తంల చేరినోనివి కదా తమ్మీ."

"కాంటా గదే, కుర్సీ గదే సార్. నేను లేసిందెప్పుడు, మల్ల చేరిందెప్పుడు?"

లేబర్ ఆఫీసు మాట కూడా చెప్పాను. ఆయన గోడమీది దేవుడి పటం వైపు కాసేపు చూశారు. అటునుంచి అభ్యంతరం రాలేదు.

"లీవు నీ ఒక్కనికే ఇస్తున్న. ఎవలకు చెప్పకు."

అందరికీ చెప్పాను. మీకూ వస్తుంది, అడగండి అన్నాను. ఎవరూ అడగలేదు, నాతో మాట్లాడటం మాత్రం తగ్గించారు. మిల్లులో వాళ్లు నన్ను ఓనరు మనిషి అనుకున్నారు. ఓనరు నన్ను లేబర్ ఆఫీసు మనిషి అనుకున్నారు. రెండు పార్టీల్లో ఉన్నా చాయ్‌కి పిలిచేవాళ్లు లేరు.

ఆపరేషన్ బాగానే అయింది. మా మిల్లులో ఎవరింట్లో ఎవరు దవాఖానలో పడ్డా అందరూ ట్రాలీ ఆటోలో బత్తాయిలతో దిగి, మంచం చుట్టూ నిలబడి, ఇదే రోగంతో పోయినవాళ్ల కథలు చెప్పి ధైర్యం ఇచ్చేవాళ్లు. ఈసారి ఎవరూ రాలేదు. బాపు తలుపు వైపు చూసి, "మీ మిల్లోళ్లకు ఎరికేనా?" అన్నాడు.

ఎరికేనని, ఆ కథలు వింటే డాక్టరుకే భయమేస్తదని నేనే ఆపానని చెప్పాను. బాపు నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు.

"నవ్వియ్యకురా. కుట్లు గుంజుతున్నయి."

సరేనని నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. లీవు ఇంకా చాలా ఉంది.