వెల్డా చేతికి సరిపడే తుపాకీ

వయోమింగ్‌లో ఆ లోయలో పశువులు మేపేవాళ్లని వరసగా నిలబెట్టి చేతులు చాపమంటే, మనిషికి పది వేళ్లు లెక్క రావు. దూడ మెడలోకి ఉచ్చు విసిరి, తాడు రెండో కొసని జీను ముందుండే కొమ్ముకి గబగబా చుట్టాలి. ఆ చుట్లో బొటనవేలు ఇరుక్కుంటే అటు దూడ లాగుతుంది, ఇటు గుర్రం లాగుతుంది. వేలు తెగిన మగవాళ్లు బార్‌లో కొత్తవాళ్లకి ఆ మొండి చూపించి కథలు చెప్పి బీరు తాగుతారు. వెల్డా మెక్రీ కుడి బొటనవేలు తెగి ఊడిపోలేదు. డాక్టర్లు అతికించారు. అతికాక అది పుల్లలా నిలబడిపోయింది, వంగదు. వంగని వేలు చూసి బీరు పోయించే పుణ్యాత్ముడు లోయలో ఎవడూ లేడు.

అసలే ఆమె చేతులు చిన్నవి. చేతితొడుగులు పిల్లల సైజులో కొనుక్కుంటుంది. ఆ చేతులతోనే ఇరవై ఏళ్లుగా ప్రతి వేసవీ లోయలో రైతులందరి ఆవుల్నీ కొండమీద మేపి, వాళ్ల సంఘం కట్టించిన గుడిసెలో ఒంటరిగా ఉండి, మంచు పడేలోగా దింపుకొచ్చింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ కొండే ఆమెకి సంసారం.

కిందటి ఏడాది సెప్టెంబరులో ఆమె ఆడగుర్రం బొరియలో కాలు పెట్టి పడింది. దాని కాలు రెండుగా విరిగింది. అలాంటి గుర్రం ఇక బతకదు, బాధ తీరేలా కాల్చెయ్యాలి. రైఫిలు గుర్రం కింద ఉండిపోయింది. పడటంలో వెల్డా ఎడమ భుజం జారి ఆ చెయ్యి పనికి రాకుండా పోయింది. నడుముకి వాళ్ల నాన్న పాత రివాల్వర్ ఉంది. కానీ అది పేలాలంటే మొదట దాని వెనకనున్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాలి. వేలు వంగితేగా! అరచేత్తో నొక్కింది, జీను అంచుకి ఆనించి నెట్టింది, ఊరికే జారిపోయింది. తమ్ముడు డెల్మర్ వెతుక్కుంటూ వచ్చేసరికి సాయంత్రమైంది. అంతసేపూ గుర్రం ఆమె ముఖంలోకి చూస్తూనే ఉంది.

“ఆ చేత్తో పేల్చగలిగే తుపాకీ ఒకటి చూసుకో వెల్డా. అప్పుడు కొండ నీదే,” అన్నాడు సంఘం పెద్ద ఆర్విన్. మాట సబబుగానే ఉందనుకుంది.

అక్కడ మొదలైంది ఆమె చలికాలపు అవస్థ. ఆ దేశంలో తుపాకీకేం కరువు? పెళ్లికి తుపాకీ, పుట్టినరోజుకి తుపాకీ. కానీ ఆడమనిషి కొట్లో అడుగుపెడితే చాలు, కౌంటరు వెనకున్నవాడు ఆమె చెయ్యైనా చూడకుండా అరలో అన్నిటికన్నా చిన్నది తీసి ముందు పెడతాడు. చిన్న చేతికి చిన్న తుపాకీ. పసిపిల్లలకి చిన్న చెంచా ఇచ్చినట్టు. తుపాకీ ఎంత తేలికైతే పేల్చినప్పుడు అంత గట్టిగా వెనక్కి తంతుందని వాళ్లకి తెలియక కాదు, ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి అటకెక్కుతుంది.

క్రిస్మస్‌కి డెల్మర్ ఇచ్చింది గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్. ఒక్కసారి పేల్చింది. అతుకు దగ్గర ప్రాణం పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

“ముద్దుగా లేదూ?” అన్నాడు డెల్మర్.

“ముద్దు పెట్టుకోడానికి కొన్నావా, పేల్చడానికి కొన్నావా?” అంది వెల్డా.

పట్నంలో రస్ కొట్టుకి నాలుగుసార్లు తిరిగింది. ఒక పిస్తోలుకి పేలకుండా ఆపే సేఫ్టీ మీట బొటనవేలి దగ్గరే ఉంది, అందదు. ఒకదాని పిడి ఎంత లావంటే చూపుడువేలు ట్రిగ్గర్‌ దాకా పోదు. ఇంకోదాని పైభాగం వెనక్కి లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

“మీ ఆయన్ని తీసుకురండి మేడమ్, ఆయన చూసి చెప్తారు,” అన్నాడు రస్.

“మా ఆయన సమాధిలో ఉన్నాడు. తవ్వుకు రమ్మంటావా?”

“అది కాదు మేడమ్. మీకు కొండలూ గుట్టలూ ఎందుకంటున్నా. హాయిగా ఇంటిపట్టున ఉండక.”

కందకి లేని దురద కత్తిపీటకెందుకు? వెల్డాకి ఒళ్లు మండింది. “నోరు మూసుకుని ఆ అరలో ఉన్నవన్నీ బల్లమీద పెట్టు. చిన్నదీ పెద్దదీ అని నువ్వు చెప్పొద్దు. నా చెయ్యి చెప్తుంది,” అంది.

ఒక్కొక్కటే పట్టుకుంది. బొటనవేలిని లెక్కలో లేనట్టు పక్కకి చాపి, మిగతా వేళ్లతోనే పట్టు చూసింది. మధ్యాహ్నం తిండివేళ దాటింది. చివరికి ఒక మూల, నలుపు రంగు అరిగిపోయి, ఎవరో పోలీసు ఏళ్ల తరబడి మోసి వదిలేసిన రివాల్వర్ దొరికింది. సుత్తి లాగక్కర్లేదు, ట్రిగ్గర్ నొక్కితే సుత్తి దానంతటదే లేచి పడుతుంది. అరిగీ అరిగీ ట్రిగ్గర్ నున్నగా వస్తోంది. బరువుంది గనక తన్నదు. లావు రబ్బరు పిడి ఊడదీయించి సన్నటి చెక్క పిడి పెట్టించేసరికి చూపుడువేలు సరిగ్గా అందింది. తూటాలు నింపుకోవడం అంటావా, అది తీరిక మీద ఎడమచేత్తో చేసుకోవచ్చు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఒక్కడూ చెప్పలేదే అని సంతోషం కన్నా ఉక్రోషమే ఎక్కువొచ్చింది.

రస్ మాత్రం దానికి బదులుగా ఆమె నాన్న రివాల్వర్‌ మీదే కన్నేశాడు. ఆమె చేతిలో అంత విలువైనది ఇంకేదీ లేదు. బల్లమీద పెట్టి, ఒకసారి తడిమి, వెనక్కి చూడకుండా బయటికొచ్చింది.

మే నెలలో ఫైర్ స్టేషన్ హాల్లో సంఘం సమావేశం. కాఫీలూ ఫలహారాలూ అయ్యాక వెల్డా అందర్నీ వెనక దొడ్లోకి తీసుకెళ్లింది. కంచె గుంజల మీద డబ్బాలు పెట్టింది. ఎడమచెయ్యి బెల్టులో దోపుకుని, కుడిచేత్తో ఒక్కొక్కటే పడగొట్టింది. చివరి డబ్బా కిందపడ్డాక ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

ఆర్విన్ మెడ గోక్కున్నాడు. “బాగానే కొట్టావు వెల్డా. కానీ ఈ వేసవికి మా అల్లుడు స్టేసీకి మాట ఇచ్చేశాం.”

“ఎప్పుడిచ్చారు?”

“మార్చిలో.”

“మార్చిలోనా? తుపాకీ చూసుకోమని నాతో చెప్పి?”

ఆర్విన్ కాఫీ కప్పులోకి చూశాడు. మిగతావాళ్లకి హఠాత్తుగా ఆకాశంలో మబ్బులు కనిపించాయి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ట్రక్కు దగ్గర డెల్మర్‌ని నిలదీసింది. “నీకు తెలుసా?”

“తెలుసు.”

“నాన్న తుపాకీ వదులుకొచ్చాను. నీ నోట్లో ఏం పెట్టుకున్నావురా?”

డెల్మర్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. “నీకు సరిపడేది దొరకదనుకున్నాం వెల్డా. దొరక్కపోతే నువ్వే మానుకుంటావని. నీ ముఖం మీద కాదనే పాపం ఎవరికీ ఉండదని.”

ఆమెకి ఏడుపు రాలేదు. చలికాలమంతా తను కొట్ల చుట్టూ తిరుగుతుంటే వీళ్లంతా ఆ వేలిని అడ్డం పెట్టుకుని హాయిగా కూర్చున్నారన్న సంగతి ఇప్పుడు అర్థమైంది.

జూన్‌లో ఆవులు కొండెక్కాయి. గుడిసె స్టేసీకిచ్చారు, జీతం స్టేసీకిచ్చారు. కానీ ఆ మందలో వెల్డావీ కొన్ని ఆవులున్నాయి, తన ఆవుల వెంట తను పోకూడదని సంఘం రాసుకోలేదు. ఆమె బరువులు మోసే గుర్రం మీద డేరా మూట కట్టింది. డెల్మర్ దారి మొదట్లో నిలబడి ఉన్నాడు, తాళ్లు బిగించడంలో సాయం చేస్తూ తల ఎత్తలేదు.

“ఒక్కదానివే డేరాలో. ఏదైనా అయితే?” అన్నాడు.

వెల్డా నడుము దగ్గర ఆ నల్లటి రివాల్వర్ మీద చెయ్యి వేసింది. పుల్లలాంటి వేలు పక్కకి నిలబడే ఉంది, మిగతా వేళ్లు పిడి చుట్టూ కుదురుకున్నాయి.

“అయితే ఈసారి సాయంత్రం దాకా నీకోసం చూడను,” అని గుర్రాన్ని కొండదారికి మళ్లించింది.