బర్రె వెనక నడక

పోయిన నెల నా మోకాలికి ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున ఒక అమ్మాయి వచ్చి నాకు నడక నేర్పిస్తోంది. "అమ్మమ్మా, ముందు మడమ, తర్వాత వేళ్ళు. తొందరేం లేదు, మెల్లగ," అంటుంది. నిన్న ఆ మాటకు నవ్వొచ్చి వాకరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకని అడిగితే, పదేళ్ళ వయసులో నేనూ ఒకాయనకు నడక నేర్పించానని చెప్పాను. మందుల మత్తు ఇంకా దిగలేదనుకుందో ఏమో, బీపీ చూసింది.

ఆయన మా పెద్దన్న. మెదక్‌లో చర్చి దగ్గరి సందులో మా ఇల్లు. నాయన మిషన్ బడిలో పంతులు. అన్న హైదరాబాదులో ఉర్దూలో బి.ఏ. చదివి, పంతులు కొడుకు పంతులే కావాలా అని పంతం పట్టి నిజాం ఫౌజులో చేరాడు. పోలీస్ యాక్షన్‌తో ఆ ఫౌజు పోయింది. కొన్ని నెలలకు అన్నను ఇంటికి పంపించారు. బట్టలు, బూట్లు అక్కడే అప్పగించి వచ్చాడు గానీ నడకను మాత్రం వెంట తెచ్చుకున్నాడు. వట్టి కాళ్ళతో వచ్చినా సందు మొదట్లోనే ధన్ ధన్ మని వినిపించేది. ఆ చప్పుడుకు నాకు ప్రాణం లేచొచ్చేది. ఏ పనిలో ఉన్నా పరుగెత్తి తలుపు తీసేదాన్ని. పక్కింటి పెద్దమ్మ మాత్రం తలుపు వేసుకునేది.

పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. అమ్మకు బాలింత జబ్బు చేస్తే అన్నను తన కొడుకుతో పాటు పెంచిన మనిషి. ఆ కొడుకు కమ్యూనిస్టుల సంఘంలో తిరిగి, రజాకార్ల కాలంలో అడవికి పోయాడు. రజాకార్లు పోయారు గానీ సంఘం వాళ్ళ కోసం వెతకడం ఆగలేదు. నిజాం బూట్లయినా, యూనియన్ సైన్యం బూట్లయినా ఆమెకు చప్పుడొకటే. అన్న మీద ఆమెకు కోపం లేదు, ఎదురుపడితే బిడ్డా అనే పలకరించేది. చప్పుడు వినగానే చేతులే గొళ్ళెం మీదికి పోయేవి. అన్న ఒకరోజు మా గడప మీద కూలబడ్డాడు. "ఎం.ఏ. చేసి కాలేజీల పాఠం జెప్దామనుకుంటున్ననే. పెద్దమ్మనే నన్ను జూసి తలుపేసుకుంటె, పిల్లలు నా ముంగట కూసుంటరా?" నవ్వుతూనే అడిగాడు గానీ, ఆ పూట మళ్ళీ సందులోకి అడుగు పెట్టలేదు.

వైద్యం నేనే కనిపెట్టాను. మా బర్రెను పొద్దున వాగు దాకా తోలుకుపోవడం నా పని. బర్రె వెనక ఎంతటి సిపాయీ కవాతు చేయలేడు. "దాన్ని దాటొద్దన్నా. అది ఆగితె నువ్వు గూడ ఆగు," అని కట్టె చేతికిచ్చాను. "మా కెప్టెన్ సాబు గూడ గింత సతాయించలే," అన్నాడు. రెండో చేతిలో చరిత్ర పుస్తకం, అదీ ఇంగ్లీషులో. ఉర్దూలో చదివిన ఆయనకు ఎం.ఏ. పాఠాలు ఇంగ్లీషులోకి మారిపోయాయి మరి. కాళ్ళకొక చదువు, నాలుకకొక చదువు. ఫ్రెంచి విప్లవం మంచి రసకందాయంలో ఉండగా బర్రె ఆగి పేడ వేసేది. అన్న పాపం ఓపిగ్గా నిలబడేవాడు. హైదరాబాదులో ఎం.ఏ.కి చేరాక కూడా, సెలవులకు వచ్చినప్పుడల్లా మళ్ళీ బర్రె వెనకే. పెద్దమ్మ చెయ్యి గొళ్ళెం దాకా పోయి ఆగడం మొదలైంది.

రెండేళ్ళకు ఎం.ఏ. పాసయ్యాడు. వరంగల్‌లో లెక్చరర్ ఉద్యోగం దొరికిందని, ఫలానా రోజు వస్తున్నానని ఉత్తరం రాశాడు. ఆ రోజు పొద్దుటి నుంచి చెవులు సందులోనే పెట్టుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటినా చప్పుడు లేదు. బస్సు తప్పిపోయిందేమో అని దిగులు పడి, పెద్దమ్మతో చెప్పుకుందామని వెళ్ళాను. ఆమె తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అన్న పీట మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. "ఎప్పుడొచ్చిండో నాకే ఎర్కలే బిడ్డా. తలెత్తి జూస్తె ముంగట నిలవడ్డడు. నా కొడుకే వచ్చిండనుకున్న," అంది పెద్దమ్మ. అన్న తల వంచుకుని, రొట్టె నములుతూనే ఏడుస్తున్నాడు. ఆమె కొడుకు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

నాకు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. కానీ ఇంటికి వచ్చి కొట్టంలో నిలబడి నేనూ ఏడ్చాను. అన్న మా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళాడు, నాకు తెలియనే లేదు. తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పాఠాలు చెప్పాడు. పిల్లలు ముందు వరసలో కూర్చోవడానికి పోటీ పడేవారట. ప్రతి సెలవుకూ ఇంటికి వచ్చాడు, ప్రతిసారీ అలాగే మెత్తగా. పరుగెత్తి తలుపు తీసే భాగ్యం మాత్రం నాకు మళ్ళీ దక్కలేదు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఎప్పుడు మారతాడా అని అప్పుడు రోజులు లెక్కపెట్టాను. వినడానికి ఇప్పుడు కావలసినంత కాలం ఉంది, సందులో ధన్ ధన్ మని వచ్చే మా అన్నే లేడు.