చావు రైలూ, సంచుల కాపలా

బస్రాలో ఎండలు ముదిరితే తలుపు గొళ్ళేన్ని కూడా గుడ్డ అడ్డంపెట్టుకొని తీయవలసిందే. ఆ రోజులలో ఊరంతా కరెంటు కోతల గురించీ కుళాయిలో వచ్చే ఉప్పునీళ్ళ గురించీ మాట్లాడుకొంటూ ఉంటే, కాలువ వీధిలో రస్మియ ఇంట మాత్రం చావు రైలు గురించి మాట్లాడుకొనేవారు. పేరు విని ఎవరూ బెదరనక్కరలేదు. కొండలా పైకెక్కి, ఉన్నపళంగా కిందికి దూకి, మనుషులను తలకిందులు చేసి, మళ్ళీ భద్రంగా తెచ్చి దింపే వినోదపు బండి అది. అరబ్బీ మాట్లాడే జనం దానికి ముచ్చటపడి పెట్టుకొన్న పేరు అదే. ఇంత అమంగళమైన పేరు పెట్టి, పండుగ బట్టలు కట్టుకొని, పిల్లాపాపలతో దాని ముందు నవ్వుతూ వరుసకట్టే జనం మరెక్కడైనా ఉంటారో లేదో తెలియదు.

రస్మియను పేరు పెట్టి పిలిచేవారు తక్కువ. పెద్దకొడుకు కర్రార్ కనుక వీధికంతటికీ ఆమె కర్రార్ తల్లి. భర్త లఫ్తా కర్రార్ తండ్రి. ఆలుమగలు కూడా ఒకరినొకరు అలాగే పిలుచుకొంటారు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకొని ఆడవాళ్ళు బట్టలమీద తొడుక్కొనే పొడవాటి నల్ల అబాయాలు కుడుతుంది. అతడు విద్యుత్తు శాఖలో స్తంభాలెక్కే మనిషి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అతని ముఖాన నవ్వు కనిపించదు. కరెంటు పోయినప్పుడల్లా వీధివాళ్ళు అతణ్ణే నిలేస్తారు కనుక నవ్వేందుకు వీలూ లేదు.

ఈ పిచ్చి ఆ ఇంటికి ఒక్కనాట పట్టింది కాదు. మొదటి వేసవిలో వాళ్ళు బస్సు యాత్రవాళ్ళతో ఉత్తరాది కొండలకు వెళ్ళింది నిజానికి జలపాతం చూడడానికి. చల్లగాలి పీల్చుకోవడం, నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం, ఫొటోలు దిగడం, అంతే అనుకొన్నారు. సాయంకాలం తోవలో కదా అని బస్సు నడిపే యాత్రల పెద్ద అబూ నవరస్ వాళ్ళను ఎర్బిల్ శివార్లలో ఒక పార్కు దగ్గర దింపాడు. లోపల రాళ్ళకోట, దూదితో చేసిన మంచుకొండ, సముద్రపు దొంగల ఓడ, వాటన్నిటి వెనుక ఆకాశానికి నిచ్చెన వేసినట్లు చావు రైలు. స్తంభం మీద గంటల తరబడి వేలాడే లఫ్తా ఆ రైలు దిగివచ్చినప్పుడు నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనబడేటట్లు నవ్వుతున్నాడు. పెళ్ళినాటి నుంచీ ఆ పళ్ళన్నిటినీ ఒకేసారి చూడడం రస్మియకు అదే మొదలు.

మరుసటి ఏడు అబూ నవరస్ జలపాతానికి పొద్దున్నే బయలుదేరమని కేకవేస్తే, లఫ్తా హోటలు మెట్లమీద నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"జలపాతమంటే ఏముందయ్యా, నీళ్ళు పైనుంచి కింద పడతాయి. నిరుడు చూశాం. ఈసారి మేమే పడతాం, పార్కు దగ్గర దింపెయ్."

అటుపై చెప్పేదేముంది. వేసవికొకసారి అన్నది పండుగకూ వేసవికీ అయింది. దుహోక్ వైపు కొత్త పార్కు తెరిచారంటే అక్కడికీ వెళ్ళివచ్చారు. చలికాలంలో భోజనాల వేళ కూతురు తీబా చెంచాను పళ్ళెం అంచున పరుగెత్తించి ఏ మలుపులో ఎవరు ఏమని అరిచారో చెబుతుంటే, చిన్నవాడు సజ్జాద్ నోట్లో ముద్ద మింగడం మరిచిపోయేవాడు. ఎక్కడికైనా వెళ్ళి రావడంలో సగం సంతోషం ఇంటికి వచ్చాకనే పండుతుందంటారు చూడండి, ఆ ఇంట్లో మూడువంతులు అలాగే పండేది.

ఇంత సంబరంలోనూ రస్మియకు ఒక చోటు స్థిరపడిపోయింది. చావు రైలుకు ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల అది. రైలెక్కేవాళ్ళు చెప్పులు విడవాలి, జేబులు ఖాళీ చేయాలి. కనుక అందరి చెప్పులూ, ఫోన్లూ, కర్రార్ కళ్ళజోడూ, లఫ్తా జపమాలా ఆమె ఒడిలోకి వచ్చేవి. పక్కన టీ ఫ్లాస్కు. కాళ్ళ దగ్గర దుప్పటిలో చుట్టిన డోల్మా గిన్నె. ద్రాక్షాకుల్లోనూ ఉల్లిపొరల్లోనూ అన్నమూ మాంసమూ కూరి పేర్చిన ఆ గిన్నె లేకుండా బస్రావాళ్ళు గడప దాటరు. మొదటి ఏడాది ఎవరో ఒకరు కూర్చోవాలి కనుక కూర్చొంది. తరువాత ఆమె కూర్చొంటుంది కనుక ఎవరూ అడగలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆమె ఆ పనిని మరీ చక్కగా చేసింది, అంతే.

ఆ బల్ల మీదనుంచే రైలును ఆమె చెవులతో నేర్చుకొంది. గొలుసు టకటకమంటే ఎక్కుతోంది. టకటక ఆగితే శిఖరం. అప్పుడొక క్షణం నిశ్శబ్దం, వెంటనే బస్రావైపు దక్షిణాదివాళ్ళంతా ఒక్క గొంతుతో "యా అలీ" అని కేక. ఆ కేకలో మొగుడి గొంతేదో, కూతురి గొంతేదో ఏరగలదు. తన గొంతు అక్కడ ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. చిన్ననాడు పండుగరోజుల్లో ఖర్జూరపు తోట పక్కన కొయ్యపెట్టెల రాట్నం ఎక్కి ఊరంతా వినపడేటట్లు అరిచిన పిల్లే ఆమె. అబాయా వేసుకొనే వయసు వచ్చాక, ఇక చాలమ్మా అని వాళ్ళమ్మ రాట్నం మీదనుంచి దింపింది. ఆ దిగడం దిగడమే.

నిరుడు పిల్లలూ తండ్రీ ఐస్‌క్రీం కొట్టు దగ్గరికి పోయిన సందు చూసుకొని, రస్మియ సంచులను బల్లమీద వదిలి గేటు దగ్గరికి నడిచింది. ఆ మాట ఇంట్లో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర నిలబడే పిల్ల పేరు శీలాన్. కుర్దు పిల్ల, అరబ్బీని ధారాళంగానే మాట్లాడుతుంది కాని మాటల్లో ఆడా మగా తేడాను పట్టించుకోదు.

"పిన్నీ, నువ్వు మంచివాడివి, బట్ట మంచిది కాదు," అంది, అబాయా కొసను రెండు వేళ్ళతో ఎత్తి చూపుతూ. "ఇది చక్రంలో పడితే నిన్ను లాగేస్తుంది, నన్ను ఉద్యోగంలోంచి లాగేస్తుంది. తీసిపెట్టి రా."

తీసిపెట్టడం రస్మియ ఊహకు అందని పని. ఆమె వెనుదిరిగి, వాళ్ళు వచ్చేసరికి బల్లమీద ఎప్పటిలా కూర్చొని ఉంది.

ఆ చలికాలమంతా ఆమె గిరాకీల బట్టలు కుట్టగా మిగిలిన వేళల్లో ఒక్క అబాయాతో కుస్తీపట్టింది. చూస్తే మామూలు అబాయాయే. లోపలి బొత్తాలు పెట్టుకొంటే కింది భాగం రెండు కాళ్ళకు రెండుగా చీలి, మడమల దగ్గర బిగుసుకొంటుంది. ముంజేతుల దగ్గర ఎలాస్టిక్. తలగుడ్డ ఎగరకుండా మెడ వెనుకనుంచి తెచ్చి కుట్టేసింది. పరీక్షించడానికి మేడమీదకెక్కి గెంతుతూ ఉంటే తీబా పైకి వచ్చింది.

"ఏంటమ్మా ఆ గెంతులు?"

"బొద్దింకే తల్లీ."

"ఏదీ?"

"నేను గెంతితే ఇంకా ఉంటుందా? పోయింది."

మళ్ళీ వేసవి వచ్చింది. బస్సులో చప్పట్లు, పాటలు, చెక్‌పోస్టుల దగ్గర నిట్టూర్పులు, పొద్దుగూకే వేళకు పార్కు దీపాలు. కుటుంబమంతా అలవాటుగా బల్లవైపు నడిచింది. అలవాటుగా చెప్పులు విడిచింది. లఫ్తా జపమాల తీసి ఇవ్వబోయాడు. రస్మియ చెయ్యి చాపలేదు. ఆమె గుండె గొలుసుకంటె గట్టిగా టకటకమంటోంది.

"ఈసారి నువ్వు కూర్చో, కర్రార్ నాన్నా."

"నువ్వెక్కడికి?"

"చావు రైలుకి."

సజ్జాద్ కిసుక్కున నవ్వాడు. లఫ్తా నవ్వలేదు, భార్యను ఎగాదిగా చూశాడు. "పెరట్లో నిచ్చెన ఎక్కితేనే నీకు కళ్ళు తిరుగుతాయే."

"నిచ్చెనకి కాదు. కింద నువ్వు పట్టుకున్నావని గుర్తొచ్చి తిరుగుతాయి."

కర్రార్ కళ్ళజోడు సవరించుకొంటూ, "నాన్నా, ఇక కూర్చో, పరువు దక్కించుకో," అన్నాడు.

"ఆ గుడ్డతో ఎక్కనిస్తారా దీన్ని?" అని లఫ్తా గొణిగాడు. ఆ ప్రశ్నకు జవాబు గేటు దగ్గరే ఉంది కనుక నలుగురూ ఆమె వెంట నడిచారు. జపమాల చేత్తో పట్టుకొని, డోల్మా గిన్నె చంకనెత్తుకొని లఫ్తాయే అందరికంటె వెనుక.

శీలాన్ ఆమెను చూడగానే కనుబొమలెత్తింది. "నిరుడు వచ్చి వెళ్ళిపోయాడు, ఆ పిన్నివి కదూ?"

కుటుంబం యావత్తూ కొయ్యబారింది. తీబా తేరుకొని, "నిరుడా? ఎప్పుడొచ్చావమ్మా?" అంది.

"మీరు ఐస్‌క్రీంకి వెళ్ళినప్పుడు."

"మరి సంచుల దగ్గర ఎవరున్నారు?" అన్నాడు లఫ్తా, ఈ మొత్తం వ్యవహారంలో తేలవలసింది అదొక్కటే అన్నట్లు.

"అల్లా చూసుకున్నాడు."

రస్మియ వంగి లోపలి బొత్తాలు ఒక్కొక్కటే పెట్టింది. ఒక బొత్తం రెండుసార్లు జారింది. లేచి నిలబడేసరికి నల్లబట్ట ఒంటిని అంటిపెట్టుకొని ఉంది. ఎక్కడా వేలాడే కొస లేదు. శీలాన్ మడమ దగ్గర లాగి చూసింది, ముంజేతి దగ్గర లాగి చూసింది, మెడ వెనుక వేలు దూర్చి చూసింది. అయినా తనంతట తాను తేల్చలేక తన పై ఉద్యోగిని పిలిచింది. ఆయన పెద్ద మీసాలవాడు, పెదవి విరిచి, "చేతులెత్తు. ఇప్పుడు గెంతు," అన్నాడు.

రస్మియ గెంతింది. మేడమీద నేర్చిన విద్య ఊరికే పోలేదు. వరుసలో వెనుక నిలబడ్డ బస్రా ఆడవాళ్ళు మాటలు మాని ఆ గెంతునే చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ తన అబాయా కొసను చేతిలోకి తీసుకొని పరిశీలనగా తడుముకొంటోంది. మీసాలాయన ఒకసారి బట్టనూ, ఒకసారి వరుసనూ చూసి, గేటు కడ్డీ పైకెత్తాడు.

"ఎక్కడ కొన్నావక్కా ఇది?" అని వరుసలోంచి ఎవరో అడిగారు.

"కుట్టుకున్నా. దిగొచ్చాక చెప్తా, ఆగు."

తీబా పక్కన కూర్చొంది, అన్నదమ్ములు వెనుక. ఇనుపకడ్డీ ఒడిమీదికి దిగింది. ఇన్నేళ్ళుగా కింద కూర్చొని విన్న టకటక ఇప్పుడు వెన్నెముకలో మోగుతోంది. పార్కు చిన్నదవుతోంది. కోట అట్టపెట్టె అయింది, ఓడ గుప్పెడయింది, ఆవల ఎర్బిల్ దీపాలు నేలమీద జల్లినట్లున్నాయి. అన్నిటికంటె చిన్నగా, సిమెంటు బల్ల దగ్గర, డోల్మా గిన్నెను గుండెలకు హత్తుకొని ఒక మనిషి లేచి నిలబడ్డాడు. స్తంభాల మీద నిలబడి కింద ఊరంతటినీ భయపెట్టే మనిషి, కింద నిలబడి పైకి చూస్తూ ఎంత భయపడుతున్నాడో అంత ఎత్తునుంచి కూడా ఆమెకు తెలిసింది. టకటక ఆగింది.

"అమ్మా, కళ్ళు మూసుకో," అంది తీబా.

"ఎందుకే, చూడ్డానికేగా వచ్చింది," అంటూ ఉండగానే లోకం కాళ్ళకిందనుంచి జారిపోయింది.

"యా అలీ" అని అందరూ అరిచారు. ఆ కేకలో ఒక గొంతు తక్కినవాటిని చీల్చుకొని పోతోంది. బొంగురుది, బలమైనది, ఖర్జూరపు తోట పక్కన రాట్నం మీద ఊరంతా విన్నది. ఎవరిదా అని ఒక క్షణం వెతికి, తనదేనని గుర్తుపట్టి, రస్మియ మరింత గట్టిగా అరిచింది. మలుపులో నవ్వింది, తలకిందులైనప్పుడు నవ్వింది. అబాయా అంగుళం కూడా కదలలేదు.

వాళ్ళు దిగి బల్ల దగ్గరికి వచ్చేసరికి లఫ్తా గిన్నెను ఇంకా కింద పెట్టలేదు. సజ్జాద్ మూత ఎత్తి చూసి, "పైన వరసంతా తినేశాడమ్మా," అన్నాడు.

"భయమేసింది," అన్నాడు లఫ్తా. "భయమేస్తే ఆకలేస్తుంది. నీ గొంతు ఇక్కడిదాకా వినబడింది, కర్రార్ తల్లీ. ఆ అరిచేది ఎవరో పాపం అనుకున్నా." ఆపైన గిన్నెను బల్లమీద పెట్టి, "బాగుందా?" అని అడిగాడు.

ఆమె వరుస చివర ఎంత దూరంలో ఉందో చూస్తూ, ఇందాక పైన ముంజేతికి ఒత్తుకొన్న బంగారు గాజులను ఎలాస్టిక్ కిందనుంచి ఒక్కొక్కటే తీసి, జపమాల ఉన్న అతని అరచేతిలో పెట్టింది.

"ఇవి కూడా పట్టుకో," అంది. తీబా చెయ్యి అందుకొని మళ్ళీ గేటువైపు పరుగెత్తింది.