ఆదివారం ఆదివారం కాస్తంత జుట్టు

ఆ ఫొటో స్టూడియోలో ఆవిడని అందరూ టచప్ అక్క అంటారు. ముందుగదిలో మొగుడు ఫొటోలు తీస్తాడు. వెనక చిన్నగదిలో ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని వాటికి మెరుగులు దిద్దుతుంది. మొటిమ ఉంటే తీసేస్తుంది, కళ్ళకింద నలుపు తగ్గిస్తుంది, కాలరు వంకరపోతే సరిచేస్తుంది. అయితే ఆవిడకి ఒక హద్దుంది. "కన్నతల్లి చూస్తే గుర్తుపట్టాలి, అంతవరకే" అంటుంది. ముక్కు సన్నం చెయ్యమని ఎంత బతిమాలినా, "ముక్కు జోలికి నేను రాను బాబూ" అని తెగేసి చెప్పేస్తుంది. అలాంటి మనిషి సొంత మొగుడి దగ్గరికొచ్చేసరికి ఆ హద్దు కాస్తా మరిచిపోయింది. చెప్పొద్దూ, మనమైనా మరిచిపోయేవాళ్ళమే.

ఆయనకి నలభై దాటగానే నడినెత్తిన జుట్టు పలచబడింది. "వాళ్ళ నాన్నకీ అంతే, తాతకీ అంతే. ఈ ఇంటి మగాళ్ళ నెత్తిన జుట్టు నిలవదు" అని అత్తగారు నిమ్మళంగా తేల్చేసింది. చర్మం డాక్టరమ్మ కూడా అదే చెప్పి, మందు రాసిస్తాను, ఉన్నది కొంత నిలవొచ్చు, పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను అంది. అంత నిజం ఆయనకి మింగుడుపడలేదు. "ఆవిడ నోట ఒక్క మంచిమాట రాదు" అంటూ చీటీ జేబులో కుక్కి, సందు చివర ఆకుపసర్లు అమ్మే మనిషి దగ్గరికి నడిచాడు. పసరాయన నోట మంచిమాటలకేం కొదవ? అవి అమ్ముకునే కదా బతుకుతున్నాడు!

మొదట ఉల్లిరసం. పొద్దున్నే నెత్తికి పట్టించుకుని ఆ తలతోనే కెమెరా వెనక నిలబడేవాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. ఆ రోజుల్లో టచప్ అక్కకి ఊళ్ళోవాళ్ళ చెంపలు తుడవడమే పనైపోయింది. కొత్త ఉద్యోగం కార్డు కోసం ఫొటో దిగిన ఒక పెద్దమనిషి తన బొమ్మ చూసుకుని, "ఏమ్మా, ఉద్యోగం వచ్చినట్టు లేదే, ఊడినట్టుందే" అని వాపోయాడు.

తర్వాత కోడిగుడ్డు సొన. తర్వాత గోళ్ళకి గోళ్ళు రాపాడించడం. బేరం మాట్లాడుతూ కూడా టకటకా గోళ్ళు రుద్దుతూనే ఉండేవాడు. నెత్తికి రక్తం పారాలని గోడకి కాళ్ళు ఆనించి తలకిందులుగా నిలబడితే, ఒకసారి ఫొటోల వెనక కట్టే నీలం తెర ఊడి మీద పడింది. లోపల ఉన్నది మనిషని తెలియక అత్తగారు కర్ర పట్టుకొచ్చింది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వురానిది ఆదివారం సంగతి. గుణం కనిపిస్తోందా లేదా అని ఆయన ఆదివారాలు కెమెరాకి వీపు పెట్టి కూర్చుని తన నడినెత్తికి ఫొటో తీసుకునేవాడు. మొదటి ఆదివారం అరచెయ్యంత ఖాళీ కనిపించింది. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో ఆదివారం కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. "ఏమండీ" అంటే పలకలేదు. ఆవిడ వడ్డించిన అన్నం అలాగే చల్లారిపోయింది.

మూడో ఆదివారం, "నువ్వు కంప్యూటర్లోకి ఎక్కించు, నే స్నానం చేసొచ్చి చూస్తా" అన్నాడు. తెరమీద ఆ ఖాళీ చూడగానే ఆవిడ చెయ్యి ఆగలేదు. నాలుగంటే నాలుగే వెంట్రుకలు పెట్టింది, అదీ అంచున. ఆయన తడితలతో వచ్చి వంగి చూసి, "ఏమే! మొలుస్తున్నాయే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ పూట రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

అబద్ధం ఒకసారి కాపురానికొస్తే ఊరికే కూర్చుంటుందా? పోయిన వారం కన్నా ఈ వారం ఇంకాస్త పెట్టాలి. నడినెత్తి మామూలు అద్దంలో కనబడదాయె. పైగా ఆవిడ పనితనం ముందు ఆయనలాంటి ఆరితేరినవాడి కళ్ళు కూడా బోల్తాపడేవి. "వేలికి తగలట్లేదేంటే?" అంటే, "లేతవి కదండీ" అనేది. అత్తగారు మాత్రం, "నాకేం కనబడట్లేదురా" అంటే, "నీకు చూపానట్లేదమ్మా" అని కొట్టిపారేసేవాడు.

ఇంతలో పసరాయన ఆవాలూ మిరియాలూ ఏవేవో నూరి ఘాటైన ముద్ద ఒకటి ఇచ్చాడు. "మంట పుట్టిందంటే మొలక లేస్తున్నట్టు లెక్క" అని ధైర్యం చెప్పాడు. ఆయన పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. తల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

ఆ ఆదివారం ఫొటో పెద్దది చేసి చూసేసరికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. నెత్తంతా కమిలి ఎర్రటి బొబ్బలు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే ఇది. జుట్టు పెట్టాలంటే ముందు ఆ బొబ్బలు చెరిపేయాలి. ముందుగదిలోంచి, పసరాయనతో ఫోనులో మాట్లాడుతున్న ఆయన గొంతు ఉషారుగా వినబడుతోంది. "మీ చలవేనండీ! ఇకనించి రెట్టింపు పట్టిస్తాను!"

చెబితే మళ్ళీ ఆ గోడకేసి చూసే మనిషైపోతాడు, ఇక తన మాట జన్మలో నమ్మడు. చెప్పకపోతే తల కాల్చుకుంటాడు. మౌసు వదిలేసి, "ఏమండీ, ఇలా రండి" అని పిలిచింది.

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. "ఇది మీ తల. అది పోయిన వారం నేను పెట్టిన జుట్టు."

ఆయన చెయ్యి నడినెత్తి మీదకి వెళ్ళింది. "ఎప్పట్నించి?"

"మొలిచాయన్నారే, అప్పట్నించి."

"ఊళ్ళోవాళ్ళు నవ్వితే నవ్వారు. నా వెనక కూర్చుని నువ్వు కూడా ఆడుకున్నావా?"

"ఆడుకున్నానా!" ఆవిడకి ఉక్రోషం పొంగుకొచ్చింది. "కంచం ముందు కూర్చుని గోడకేసి చూస్తే నేనేమైపోవాలి? జుట్టు పోతే పోయింది, మనిషే పోతున్నాడని హడలి చచ్చాను!"

ఆయన తెరమీదకి వంగి చాలాసేపు చూశాడు. చివరికి, "సుడి తప్పు పెట్టావు" అన్నాడు.

"ఏంటీ?"

"నా సుడి ఎడమకి తిరుగుతుంది. నువ్వు కుడికి తిప్పావు."

"నాకేం తెలుసు? తల ముట్టుకోనిస్తేగా!"

ఏమనుకున్నాడో, ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద చతికిలబడి తల వంచాడు. ఆవిడ చన్నీళ్ళతో అక్కడక్కడా అంటుకున్న ముద్దని మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో అద్దింది. తెరమీద ప్రతి వారం దిద్దిన తలే, వేళ్ళకి మాత్రం కొత్తగా ఉంది.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం, ఈ బొబ్బలకి" అంది.

"ఊఁ. ఎలా ఉంది?" అని అడిగాడు. కెమెరాని కాకుండా ఆవిడని అడగడం అదే మొదలు.

"కమిలిపోయింది. నడిమంతా బోడి. చుట్టూ ఉన్నవి కూడా ఎక్కువకాలం ఉండేలా లేవు."

"సరేలే," అన్నాడాయన కళ్ళు మూసుకుని. "చెయ్యి మాత్రం తియ్యకు."