తమ్ముడు ఆర్పిన కర్పూరం

నెల కిందట ఒక శనివారం పొద్దున, పూజకు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. మా తమ్ముడి భార్య. "వదినా, ఆయన లేడు" అంది.   బెంగళూరు పక్కన మా ఆనేకల్ నుంచి వాళ్లుండే జిగణికి బస్సెక్కాను. దారి పొడుగునా ఒక్క స్తోత్రమూ నోటికి రాలేదు.

ఇంటికి నేను పెద్దదాన్ని, వాడు చివరివాడు. అమ్మ తొందరగా పోవడంతో నా చంకన పెరిగాడు. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోయి నేను పుట్టింటికి తిరిగొచ్చాను. అప్పటి నుంచి నాకు దేవుడూ, వాడూ.

వాడిది జిగణిలో గ్రానైట్ రాళ్లు పాలిష్ చేసే పని. ఎంత స్నానం చేసినా కనుబొమ్మల్లో తెల్లదుమ్ము పోయేది కాదు. "ముసలోడివైపోయినావు కదప్పా" అంటే, "రాయి నయంలేక్కా, అది ఏమీ అడగదు" అని నవ్వేవాడు.

అడిగేదాన్ని నేనే. వాడు బీడీలు తాగేవాడు. తొంభైల్లో ఒకరోజు ఇంటి దేవుడు నరసింహస్వామి ముందు కర్పూరం వెలిగించి ఆర్పమన్నాను. మా వైపు అంతకు మించిన ప్రమాణం లేదు. అరచేత్తో నొక్కి ఆర్పాడు. "ఇంక ముట్టనక్కా" అన్నాడు. చెయ్యి బొబ్బెక్కితే వెన్న రాశాను. మచ్చ మాత్రం ఉండిపోయింది.

అయినా నాకు నమ్మకం చాలలేదు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. గడప దగ్గరే కాలర్ పట్టుకుని చొక్కా వాసన చూసేదాన్ని. "చూడక్కా, బాగా చూడు. పోలీసోళ్ల కుక్క కూడా నీ ముందర దండగ" అని మెడ వంచేవాడు.

పోయినేడు ఆ చొక్కాకు ఏలకుల వాసన మొదలైంది. ఎప్పుడు చూసినా బుగ్గన ఏలక్కాయ. మాట మధ్యలో లేచి పెరట్లోకి పోయేవాడు. బీడీ వాసన దాస్తున్నాడని నిశ్చయించుకున్నాను. తర్వాత రావడమే తగ్గించాడు. నేను పిలవలేదు.

నోట్లోంచి రక్తం పడ్డాక మరదలు బలవంతాన బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. కబురు తెలిసి నేనూ పోయాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. ముదిరిందన్నారు. తాగనివాళ్లకూ వస్తుందనీ, రాతిదుమ్ము వల్ల కూడా వస్తుందనీ డాక్టరు చెబుతూనే ఉన్నాడు. నాకు ఎక్కలేదు. బయట బెంచీ మీద వాణ్ణి నేనడిగిన మొదటి మాట, "ఒట్టు తప్పినావా అప్పా?"

వాడు అరచెయ్యి చూసుకున్నాడు. 

"తప్పినానక్కా."

"ఎప్పటినుంచి?"

"చానా దినాలాయె."

నొప్పిగా ఉందా, భయంగా ఉందా అని అడగలేదు నేను. ఇంటికొచ్చి వాడి తరఫున దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను. వాడు బతికిన ఆ అయిదు నెలలూ అదే చెప్పుకున్నాను. బతికించు స్వామీ అని ఒక్కరోజూ అడగలేదు. ఒట్టు తప్పినవాడి కోసం ఏ మొహంతో అడగాలనిపించింది.

లోకం కూడా నాలాగే అడిగింది. ఆసుపత్రి పేరున్న స్కాన్ కవరును వాడు చీరల అంగడి సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాడు. ఒకసారి పక్క సీటావిడ, "ఏమప్పా, పెండ్లి చీరలా?" అంది. "అవునమ్మా" అన్నాడు. ఎవరడిగినా దుమ్ము అలర్జీ అని చెప్పమనేవాడు. ఎట్లాగో తెలిసిపోయింది. నేను జిగణిలో వాడి దగ్గరున్న రోజుల్లో, చూడ్డానికి వచ్చినవాళ్లు చెప్పులు విడవకముందే, "బీడీలు తాగుతా ఉండెనా?" అనేవాళ్లు. అవునని నేను తల ఊపేదాన్ని. వాళ్ల ముఖాల్లో ఒక నిమ్మళం. జాలి అక్కడితో ఆగిపోయేది. "చేజేతులా తెచ్చుకున్నాడు" అని పక్కింటామె నాతో అన్నది కిటికీలోంచి వాడు విన్నాడు. "ఆ కిటికీ మూసేయక్కా" అన్నాడు. ఆ గదిలో గాలి ఆడేది ఆ కిటికీ ఒక్కటే. ఊపిరాడని మనిషి కిటికీ మూయించుకున్నాడు.

వాడు పోయిన పదకొండో రోజున వాడితో పనిచేసిన ఒకాయన వచ్చాడు. భోజనం అయ్యాక నేనే మాట తీశాను, అక్కడ బీడీలు ఎక్కువ తాగేవాడా అని. ఆయన నా వైపు వింతగా చూశాడు.

"ఆయప్పా? టీ టైముకు మేము బీడీ ముట్టిస్తే లేసి కొళాయి కాడికి పోతా ఉండె. 'దూరం కూకోండిరా, మా అక్క చొక్కా వాసన చూస్తాది' అంటా ఉండె. పదమూడేండ్లు కలిసి పనిచేసినామమ్మా, ఒక్కటి ముట్టలే."

మరదలు వంటింట్లో ఉంది. నేను వెళ్లేసరికే ఏడుస్తోంది.

"నోరు తెరవొద్దన్నాడు వదినా. దగ్గితే బీడీ అనుకుంటావని ఏలక్కాయ నమిలేది. ఆసుపత్రికి రమ్మంటే, అక్కకు తెలిస్తే నమ్మదు అనేది."

"మరి తప్పినానని నాతో ఎందుకన్నాడు?"

"నేనూ అడిగినా. 'ఒట్టు నిలబెట్టినోడికి కూడా ఈ జబ్బొచ్చిందంటే, మా అక్క మళ్లా ఆ దేవుని ముందర కూచోగలదా? ఆయమ్మకు ఇంకెవురుండారు? నన్నే తిట్టుకోనీలే' అన్నాడు."

నా దేవుణ్ణి నాకు మిగల్చడానికి వాడు దోషిగా పోయాడు.

ఒకవేళ వాడు తాగే ఉన్నాడనుకోండి. అప్పుడు మాత్రం ఆ దగ్గు నొప్పి పెట్టదా? ఆ కిటికీ మూయాల్సిందేనా? ఈ మాట నాకు ఆ బెంచీ మీద తోచలేదు. చదివేవాళ్లకు ఒక్కటే విన్నపం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే మొదట పక్కన కూర్చోండి. ఏదీ అడక్కండి.

వాడి చొక్కా ఒకటి మరదలు నాకిచ్చింది. నిన్న పూజ దగ్గర పెట్టుకుని కాలర్ వాసన చూశాను. ఏలకులే. జేబులో వేలు పెడితే కుట్టు మడతలో మిగిలిన రాతిదుమ్ము అంటింది. అచ్చం విభూతిలాగే తెల్లగా, మెత్తగా ఉంది. అలవాటున వేలు నుదుటి దాకా వెళ్లి ఆగింది. ఊదితే పోయేంత దుమ్ము. ఊదలేదు. తుడవలేదు. ఎదురుగా వెలిగించని కర్పూరం అలాగే ఉంది.