సగటులో కనబడని సాయంత్రం బ్యాచ్

పిల్లలు ఆయనకు పెట్టిన పేరు స్ప్లిట్ సారు. కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో గణాంకాలు నేర్పేవారు. ఏ లెక్క ముందుకొచ్చినా "కలిపి చూస్తే గుంపులో గోవిందా. విడగొట్టి చూడండి" అనేవారు. సాఫ్ట్‌వేర్‌లో అందుకు స్ప్లిట్ అనే ఏర్పాటు ఉంది. అది పెడితే ప్రతి లెక్కా వర్గాలవారీగా విడిగా వస్తుంది.

భార్య విడిపోయి చాన్నాళ్లయింది. "ఇంట్లోనూ అదే నొక్కాడు కాబోలు" అని స్టాఫ్ రూములో నవ్వుకునేవారు. ఆయన గుమ్మంలోకి రాగానే నవ్వు ఆగేది. ఆ ఆగడమే ఆయనకు గట్టిగా వినబడేది.

అందుకే ఆయనకు సాయంత్రం బ్యాచ్ అంటే ప్రాణం. దుకాణాల నుంచి, ఆసుపత్రుల నుంచి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు. కళ్లు మూతలు పడుతున్నా నోళ్లు మూతపడని జనం.

"మామగారు పది గంటలు పడుకుంటారు, కోడలు నాలుగు. సగటెంత?"

"ఏడు సార్!"

"అంటే ఆ ఇంట్లో అందరికీ నిద్ర సరిపోతున్నట్టేగా?"

"మా ఇంటికొచ్చి చెప్పండి సార్ ఆ మాట" అంది బట్టల షాపులో పనిచేసే అమ్మాయి. ల్యాబంతా గొల్లుమంది. ఆయనా నవ్వారు. రోజులో ఆయన నవ్వేది అక్కడే.

ఆ ఏడాది లైబ్రరీని సాయంత్రం ఆరింటికే మూసేయాలని ప్రిన్సిపాల్ తలపెట్టారు. విద్యార్థులను అడిగిస్తే నూటికి డెబ్బై ఎనిమిది మంది ఇబ్బంది లేదన్నారు. "రేపు లైబ్రరీ కమిటీకి చూపించండి. ఒక్క అంకె చాలు. మీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం కూడా నా టేబుల్ మీదే ఉంది మాస్టారూ" అన్నారు.

ఆ డేటానే ఆయన క్లాసుకు తెచ్చారు. షాపు అమ్మాయి పగలు, సాయంత్రం అని విడగొట్టింది. ఇబ్బంది లేదన్నవాళ్లు పగటి బ్యాచ్‌లో తొంభై ఒక శాతం, సాయంత్రం బ్యాచ్‌లో పద్నాలుగు. పగటివాళ్లు దాదాపు అయిదింతలు. వాళ్ల కిందపడి వీళ్లు నలిగిపోయారు.

"మేం డ్యూటీ దిగేదే ఆరింటికి. తాళం చూడ్డానికి రావాలా సార్?"

అని ఆ అమ్మాయి అడిగింది.

మర్నాడు కమిటీ గదిలో ఫైలు తెరిచేసరికి స్ప్లిట్ అలాగే ఉంది. పని అయ్యాక దాన్ని తీసేయడం మరిచిపోవడం ఈ విద్య నేర్చే ప్రతివాడూ చేసే తప్పు. దానికి ఆయన తిట్టని విద్యార్థి లేడు. తీసేయడం ఒక్క నొక్కులో పని. వేలు మౌస్ మీదే ఉంచి ఆయన నొక్కలేదు. తెర మీద రెండు గీతలు లేచాయి, ఒకటి తాటిచెట్టంత, ఒకటి గడ్డిపరకంత.

"ఇదేంటి, రెండొచ్చాయి?" అన్నారు ప్రిన్సిపాల్.

"విడగొట్టింది తీయలేదండీ."

"అయితే తీసేయండి."

"తీస్తే సాయంత్రంవాళ్లు కనబడరండీ."

కమిటీలో ఉన్న పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని ఆ గడ్డిపరకనే చూస్తూ కూర్చున్నారు. "ఈ పిల్లలు చదువుకునేది ఎక్కడ మరి?" అన్నారు.

లైబ్రరీ తొమ్మిదింటిదాకా ఉంచాలని తేల్చారు. ప్రిన్సిపాల్ ఆయన కాంట్రాక్టును ఆపలేదు, అంతకంటే తెలివైన పని చేశారు. "వయసు మీద పడుతోంది, ఇకమీదట పగటి బ్యాచ్ చూసుకోండి. సాయంత్రాలు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు" అన్నారు. ఎదురుచెప్పడానికి అందులో తప్పేముంది? పేదవాళ్ల పక్షాన నోరు విప్పినవాణ్ణి ఈ సంస్థలు కొట్టవు, జాలి చూపించి జరిపేస్తాయి.

ఇంటిపట్టున ఆయన కోసం ఎవరూ లేరు. కొన్నాళ్లు టీవీ ముందు కూర్చున్నారు. ఒక సాయంత్రం ఉండబట్టలేక లైబ్రరీకి వెళ్లారు. ప్రతి కుర్చీలోనూ ఎవరో ఒకరున్నారు. ఒకమ్మాయి ఆసుపత్రి టోపీ, కోటు విప్పకుండానే రాసుకుంటోంది. షాపు అమ్మాయి ఆయన్ను చూసి గబుక్కున లేచింది.

"రండి సార్, కూర్చోండి."

"వద్దమ్మా, నువ్వు చదువుకో. నాకు పనుంది" అని ఆయన బయటికి నడిచారు.