ముసుగువీరుడి తొమ్మిదో భాగం

కామిక్స్ ఎనిమిదో భాగం చివరి బొమ్మలో దుర్మార్గుడి వేళ్లు ముసుగువీరుడి ముసుగు అంచు మీద పడ్డాయి. కింద హిందీలో "మిగతాది తొమ్మిదో భాగంలో" అని రాసుంది. నాకప్పుడు పదకొండేళ్లు. ఆ తొమ్మిదో భాగం రాయపూర్‌కి రానేలేదు. దానికోసం స్టేషన్లో పుస్తకాల దుకాణం చుట్టూ నేను తిరిగిన తిరుగుళ్లకి ప్లాట్‌ఫారం రెండంగుళాలు అరిగింది. నాకు మీసాలొచ్చాయి, రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, మీసాలు నెరిశాయి. ఆ వేళ్లు మాత్రం ముసుగు మీంచి లేవలేదు.

ముప్పై ఏళ్ల తరవాత తొమ్మిది భాగాలూ కలిపి ఒకే సంపుటంగా వేశారని తెలిసింది. దుకాణదారు చేత ఢిల్లీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించి తెప్పించాను. గట్టి అట్ట, వెన్ను మీద బంగారు అక్షరాలు. బరువు చూస్తే వ్యాగన్ చక్రాన్ని అట్టల మధ్య పెట్టి కుట్టేశారేమో అనిపించింది. రిక్షావాడు నన్నూ దాన్నీ ఎగాదిగా చూసి, ఇద్దరు సవారీలని వాదనకి దిగాడు.

తెలివైనవాడైతే నేరుగా తొమ్మిదో భాగం తెరుస్తాడు. నేను మర్యాదస్తుణ్ణి కదా! మొదటినుంచీ వరసగా చదివి, అర్హత సంపాదించుకుని మరీ చూద్దామనుకున్నాను. ఎనిమిదో భాగం పూర్తయిన పొద్దున, తొమ్మిదోదానికి శుచిగా ఉందామని స్నానానికెళ్లాను.

వచ్చేసరికి పుస్తకం దేవుడి పీట మీదుంది. పసుపు, కుంకుమ, మూడు మందారాలు. ఆ రోజు సరస్వతీ పూజ. మా ఇంట్లో పూజలో పెట్టిన పుస్తకం దశమి దాకా ముట్టుకోకూడదు.

"అమ్మా, అది కామిక్సే!"

"నాకు తెలీదేటిరా కామిక్సంటే? పల్చగా ఉంటాయి. నీ చిన్నప్పుడు నా చేత్తో ఎన్ని పాతకాయితాల వాడికి వెయ్యలేదు! ఇది ఇంత లావుంది. బంగారపు అక్షరాలున్నాయి. గ్రంథం."

"లోపలన్నీ బొమ్మలు."

"గ్రంథాల్లో బొమ్మలుండవేటి? కళ్లు పోతాయి, దండం పెట్టు."

పెట్టాను. ప్యాంటు మీద చెడ్డీ తొడుక్కునే మనిషికి, తడి తువాలుతో నిలబడి, రెండు చేతులా.

మా ఆవిడ నవ్వాపుకుంటూ, "ముప్పై ఏళ్లు ఆగారు, మూడ్రోజులు ఆగలేరా?" అంది.

ప్రసాదానికని వచ్చిన పక్క క్వార్టరు బాబాయి, రిటైరైన ఇంజను డ్రైవరు, పీట వైపు చూసి కళ్లు పెద్దవి చేశాడు. "అరే, దీని ఆఖరి భాగం నాగపూర్‌లో మా డ్రైవర్ల రన్నింగ్ రూంలో పడుకుని ఎప్పుడో చదివేశానోయ్! ఆఖర్న వాడు ముసుగు లాగుతాడు కదా, లాగితే..."

ఆయన నోట్లో గుప్పెడు పులిహోర కుక్కాను. ఆ మూడు రోజులూ ఆయన ఎదురుపడకుండా, వందడుగుల్లో ఉన్న వర్క్‌షాపుకి పండరీ బట్టల బజారంతా చుట్టి వెళ్లాను.

దశమి పొద్దున అమ్మ, "అమ్మవారి ముందు ఒక పేజీ పైకి చదివి, పుస్తకం తీసుకో" అంది. ఆత్రంగా తొమ్మిదో భాగం తియ్యబోయాను.

"గ్రంథం కడపటినుంచి చదువుతార్రా ఎవరైనా? మొదట్నుంచి చదువు. తెలుగులో చెప్పు. నా హిందీ కూరలబండి దగ్గరే చెల్లుతుంది."

మొదటి పేజీ చెప్పాను. "తరవాత?" అంది. రెండోది చెప్పాను.

"పెళ్లయిందా వాడికి?"

"లేదమ్మా."

"మరి రాత్రిళ్లు గోడలెక్కక ఏటి చేస్తాడు! ఊఁ, తరవాత?"

మధ్యాహ్నం వంట ఆగిపోయింది. నా గొంతు పోయింది. ఒక్కో "ధడామ్"నీ తెలుగు చేసుకుంటూ ఎనిమిదో భాగం చివరికొచ్చి, సరిగ్గా ఆ వేళ్లు ముసుగు మీద పడేసరికి అమ్మ లేచింది.

"మిగతాది వచ్చాక. రావణుణ్ణి కాల్చే వేళయింది."

నన్ను నమ్మలేక, పుస్తకాన్ని కొంగులో చుట్టి, చంకలో ఇరికించుకుని, ఆ బరువుకి ఓ పక్కకి ఒరిగిపోతూ కాలనీ మైదానానికి నడిచింది. వెనకాల నేను.

మైదానంలో రాయపూరంతా ఉంది. పక్కూరు తిల్దా నుంచి కూడా రైళ్లెక్కి వచ్చేశారు. రావణుడి తలలు ఒకటొకటే పేలుతుంటే జనమంతా పైకి చూస్తున్నారు. నేను పక్కకి చూశాను. అమ్మ బాబాయి చెవిలో ఏదో అడిగింది. బాబాయి అమ్మ చెవిలో ఏదో చెప్పాడు. "ఓలమ్మో!" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఆఖరు చెప్పేశాడా?" అని అరిచాను.

"చెప్పాడు. నీకు చెప్పన్లే. అంత నోరాగనిదాన్నేటి?"

ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా పుస్తకం తెరిచాను. అమ్మ ఎదురుగా కూచుంది. పుస్తకం వైపు చూడటంలేదు, నా మొహం వైపే చూస్తోంది. పెదవులు బిగించింది. మెడ నరాలు తేలాయి. ఎనిమిదో భాగం ఆఖరి కాగితం కొస పట్టుకున్నాను. ఎత్తాను. సగం తిరిగింది.

"ముసుగు కింద ఇంకో ముసుగుంటాదిరా!" అంది అమ్మ.

మిగతా సగం కూడా తిప్పాను. ఉంది.